పిట్టను చూపినవారు

విజయదశమినాడు జమ్మిచెట్టుకు బయలుదేరిన జనము ఊరి పొలిమేర దాటినది మొదలు చేలగట్ల మీదను, తుమ్మకొమ్మల మీదను, ఈ కాలమున వచ్చి చేరిన కరెంటుతీగల మీదను పాలపిట్టకొరకు కన్నులు కాయలు కాచునట్లు వెదకుచు నడచు ఆచారము తెలుగునాట, విశేషించి తెలంగాణమున, నేటికిని కలదు. ఆ నీలిరెక్క యొక్కసారి విచ్చుకొని కనబడినచో ఏడాదియంతయు జయమేయని వారి నమ్మకము. పాశ్చాత్యులు పక్షివీక్షణమని పేరు పెట్టి, దానికై దుర్భిణులును పట్టికలును సంఘములును కల్పించుకొన్న వినోదమునకు ఇంతకంటె సహజమైన రూపము నాకు మరియొకటి తోచదు. అయితే ఆ గుంపులో పాలపిట్టను మొట్టమొదట కనుగొనువాడు సాధారణముగా పట్టుపంచె కట్టిన పెద్దమనిషి కాడు. ఏడాది పొడుగునను ఆ చేలలోనే మసలు పసులకాపరియో, సేద్యగాడో, బడి మాని గట్లవెంట తిరుగు కుఱ్ఱవాడో "అదిగో" యని వ్రేలు చాపును. తక్కినవారందరును చూచి దండము పెట్టుదురు. పట్టణములలోనైనచో చూపువాడు పిట్టను పంజరమున పెట్టి వాకిళ్ళ వెంట త్రిప్పి నాలుగు డబ్బులు సంపాదించుకొనుట ఉండెడిది. 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టము వచ్చిన తరువాత అది నేరమైనది. నేరమగుట మంచిదే, ఏలయన పండుగ గడచిన పిమ్మట ఆ పిట్టల గతి ఏమగుచుండెనో ఎవ్వరును విచారించినవారు కారు.

పక్షిశాస్త్ర చరిత్రయందును ఇట్టిదే జరిగినది. చూచినవాని పేరు గ్రంథమున కెక్కి, చూపినవాని పేరు ఆ చేలలోనే నిలిచిపోయినది. ఒక్క పిట్ట విషయమున మాత్రము చూపినవాని పేరును లోకము వినవలసివచ్చినది. అది మన కడపసీమ పిట్ట. దాని పేరు కలివికోడి.

కడపకు ఈశాన్యముగా పెన్నానది కొండలను చీల్చుకొని నెల్లూరి మైదానము వైపు సాగుచోట, సిద్ధవటము కోటకు ఎగువను లంకమల కొండలు నిలిచియున్నవి. కొండల మీద ఎఱ్ఱచందనము పెరుగును. కొండ దిగి, సాగునేల ఇంకను మొదలుకాక, ఇటు అడవియనుటకు చెట్లు చాలక, అటు బీడనుటకు పొదలు ఎక్కువై, గులకరాళ్ళతో ఎఱ్ఱగా పరచుకొన్న నేల యొకటి సన్నని అంచువలె కొండపాదము పొడుగునను కలదు. రెవిన్యూ లెక్కలలో దానికి గౌరవము లేదు. కలివి, బలుసు, రేగు, గొట్టి మొదలగు ముండ్లపొదలు అక్కడ మనిషియెత్తు పెరుగును. పొదకును పొదకును నడుమ మేకలు నడచినంత త్రోవ విడిచి పెరుగుట వాని స్వభావము. కలివిపండ్లు నల్లబడు దినములలో ఊరి పిల్లలు దోసిళ్ళకొలది కోసి తిని నాలుకలు నలుపు చేసికొందురు. కౌజులు, పూరేడులు, పికిలిపిట్టలు, జెముడుకాకులు, నేలకు అణగి పరుగెత్తు చిన్న పిట్టలు ఎన్నియో అక్కడ బ్రదుకుచున్నవి. పగలు చూచినవానికి అది ఉత్త బీడు.

1836లో మద్రాసు సర్కారు కొలువున వైద్యుడై వచ్చిన థామస్ జెర్డన్ దొర సైన్యము వెంట దక్కనును గాలించి, కొంతకాలము నెల్లూరున సివిల్ సర్జనుగా ఉండెను. రోగులకంటె పిట్టలయందే ఆయనకు మక్కువ యెక్కువగా ఉండెనేమోయని ఆయన వ్రాసిన గ్రంథముల పరిమాణమును చూచినప్పుడు నాకు అనుమానము కలుగును. దేశీయ చిత్రకారులచేత బొమ్మలు వ్రాయించి 1843 మొదలు 1847 వఱకు మద్రాసున ఒక సచిత్ర సంపుటమును వెలువరించెను. భారతదేశ పక్షులను గూర్చిన ఆయన పెద్ద గ్రంథము 1862, 1864 సంవత్సరముల నడుమ కలకత్తాలో అచ్చుపడినది. ఈ గ్రంథములను తెలుగువారు ఆదరముతో చూడవలసిన కారణము వేరొకటి కలదు. పిట్ట పిట్టకును లాటిను పేరు, ఇంగ్లీషు పేరు చెప్పిన తరువాత జెర్డన్ దేశభాషల పేర్లను పట్టుదలతో వరుసగా వ్రాసికొనిపోయెను. పాలపిట్ట, బట్టమేక, నేలనెమలి మొదలగు మన మాటలు అందు ఆంగ్లాక్షరముల దుస్తులు తొడిగికొని కానవచ్చుచున్నవి. ఆయనకు ఈ విషయమున తోడ్పడిన సర్ వాల్టర్ ఇలియట్ సర్కారు జిల్లాలలో అధికారము చేసినవాడు. తెలుగు మొక్కల పేర్లను కూర్చి 1859లో ఒక గ్రంథమునే ప్రకటించిన రసికుడు. అయినను పేర్లు దొరల నోట పుట్టలేదుకదా! వలలు పన్ని, ఉచ్చులొడ్డి, చచ్చిన పిట్టను బంగళా వసారాలో పెట్టి, "దీని పేరేమిరా" యని అడిగినప్పుడు చేతులు కట్టుకొని సమాధానము చెప్పిన వేటగాండ్రు కొన్ని వందలమంది ఉండవలెను. వారిలో ఒక్కని పేరైనను, ఏ ఊరివాడో యనియైనను, మనకు దక్కలేదు. ఇది దొరల దోషమనియే నేను అనుకొనను. మన జమీందారుల వేటకథలలో మాత్రము తప్పెట కొట్టినవాని పేరు ఏనాడు వ్రాసినాము?

నెల్లూరికి పడమరగా ఉన్న కొండలకు ఆవలను, కడపసీమయందును, రాళ్ళతో మిట్టపల్లములుగా ఉండి పలుచని పొదలు గల నేలలో జెర్డన్‌కు ఒక క్రొత్త పిట్ట దొరకెను. చిన్న గుంపులుగా తిరుగుననియు, ఎక్కువగా అరవదనియు, అప్పుడప్పుడు మాత్రము దీనముగా కూయుననియు ఆయన వ్రాసెను. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ వస్తుశాలకు అధిపతియగు ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దానికి శాస్త్రనామ ముంచెను. రొమ్ముమీద రెండు గోధుమరంగు పట్టెలు, గొంతున నారింజరంగు మచ్చ, పొడుగాటి కాళ్ళు, తలకు మించినవా యనిపించు పెద్ద కన్నులు. కొలిచినచో ఇంచుమించు 27 సెంటీమీటర్లు. ఆంగ్లమున అది జెర్డన్ పేరనే వ్యవహరింపబడుచున్నది. ఆయన తన గ్రంథమున ఇచ్చిన తెలుగు పేరు మాత్రము విచిత్రమైనది. "అడవి ఉత్తతిత్తి" యని మనము చదువుకొనదగిన మాటను వ్రాసి, అడవియందలి ఉత్త సంచియని దానికి ఆంగ్లమున అర్థము చెప్పినాడు.

ఈ అర్థమును చూచి నేను చాలకాలము ఆలోచించితిని. పిట్టకును ఉత్తసంచికిని సంబంధమేమి? వేటగాని సంచిలో పడని పిట్టయని కొందరు సమర్థింపవచ్చును, చమత్కారముగనే ఉన్నది. కాని తీతువు తీతీయనియు, కాకి కాకాయనియు అరచుటచేతనే ఆ పేర్లు వచ్చినట్లు, ఇదియు కూతను అనుకరించిన మాటయే యైయుండును. చీకటిలో ముండ్లపొదల నడుమనుండి రెండేసి విరుపులుగా వచ్చు ధ్వనిని ఎవడో పల్లెటూరివాడు "ఉత్తతిత్తి" యని పలికి వినిపింపగా, దుబాసి దానిని పదవిభాగము చేసి అర్థము చెప్పియుండును. దొర నమ్మి వ్రాసికొనియుండును. ఇది నా ఊహయే. ఇది నిజమైనచో ఆ పిట్ట జీవితరహస్య మంతయు ఆ పేరునందే దాగియుండగా దానిని ఉత్తసంచిగా భావించి ప్రక్కన పెట్టితిమన్నమాట.

జెర్డన్ తరువాత భూగర్భశాస్త్రవేత్తయగు బ్లాన్‌ఫర్డ్ గోదావరీతీరమున సిరోంచ, భద్రాచల ప్రాంతములలో ఈ పిట్టను చూచెను. 1900లో హోవర్డ్ కాంబెల్ అనునాతడు అనంతపురము వైపున చూచినట్లు వ్రాసెను. తరువాత ఎవ్వరును వ్రాయలేదు. 1917లో కోలారు బంగారుగనుల ప్రాంతమున ఒక దొర సేకరించిన గ్రుడ్డొకటి సముద్రములు దాటి స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు వస్తుశాలకు చేరి, ఎవరికిని తెలియక పడియుండి, దాదాపు నూరేండ్లకు, 2013లో బయటపడినది. పెంకును పరీక్షించి అది ఈ పిట్టదేయని తేల్చినారు. కాంబెల్ తరువాత పిట్ట గ్రంథములలో మిగిలెనేకాని నేలమీద లేదనియే పండితులు తలంచిరి. 1929లో మొదలైన వెర్నే దొర తూర్పుకనుమల పరిశీలనలో ఎన్నియో పక్షులు సేకరింపబడినను ఇది చిక్కలేదు. పక్షిశాస్త్రజ్ఞుడు సలీం ఆలీ 1931, 32 సంవత్సరములలో హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించినప్పుడును ఇది కనబడలేదు.

కనబడకపోవుటకు కారణము తెలిసినచో నవ్వు వచ్చును. వెదకినవారందరును పగటివేళ వెదకిరి. తెల్లవారుజామున లేచి, కాఫీ పుచ్చుకొని, దుర్భిణి మెడను తగిలించుకొని, ఎండ ముదురువఱకు తిరిగి డేరాకు మరలుట పక్షిశాస్త్రజ్ఞుల సంప్రదాయము. ఈ పిట్ట పగలెల్ల పొదనీడను రాయివలె కదలక కూర్చుండి, చీకటిపడిన పిమ్మట పురుగులు ఏరుకొనుటకు బయలుదేరునది. ఆ పెద్ద కన్నులు ఆ మాటను మొదటినుండియు చెప్పుచునే ఉన్నవి. రాత్రివేళ ఆ నేలను ఎఱిగినవాడు వేటగాడొక్కడే.

బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు 1980 తరువాత ఈ పిట్టను వెదకుటకు నిశ్చయించినప్పుడు ఆ పనిమీద వచ్చిన భరత్ భూషణ్ అను యువకుడు మునుపటివారు చేయని పనిని చేసెను. పిట్ట బొమ్మను పట్టుకొని కొండపాదపు పల్లెల వెంట తిరిగి, ఎవరైనను దీనిని చూచినారాయని అడిగెను. కడపజిల్లాలో రెడ్డిపల్లి సమీపమున ఐతన్న యను వేటగాడు ఆ బొమ్మలోని పిట్ట తనకు తెలియుననెను. దానిని కలివికోడి యందురనియు చెప్పెను. కలివిపొదలలో తిరుగును కనుక ఆ పేరు. నేలమీద పరుగెత్తు పిట్టను కోడియనుట మన పల్లెలలో వాడుకయే, నీటికోడి, అడవికోడి లేవా? 1986 జనవరిలో ఒక రాత్రి ఐతన్న టార్చిలైటు వెలుతురున కన్ను చెదరి నిలిచిపోయిన పిట్టను చేతితో పట్టెను. ఎనుబదియారేండ్లు లేదనుకొన్న పిట్ట ఒక పల్లెటూరి యింట గంపక్రింద కూర్చుండెను. కబురు బొంబాయికి పోయినది. అప్పటికి ఎనుబదితొమ్మిదేండ్ల వృద్ధుడైన సలీం ఆలీకి, ఆ మరుసటి యేడే కన్నుమూయనున్నవానికి, అది ఎంతటి వార్తయో చెప్పనక్కరలేదు. పట్టువడిన పిట్ట ఎక్కువకాలము బ్రదుకలేదు. దాని దేహము సంఘమువారి సంగ్రహాలయమున చేరినది.

ఆ వేళ పత్రికలు ఒక పక్షి మరల పుట్టినట్లే వ్రాసినవి. పునరావిష్కారమను మాటను నేనును అనేకపర్యాయములు చదివితిని. చదివినప్పుడెల్ల ఐతన్న ఏమనుకొనియుండునో యని తోచును. అతని లెక్కలో ఆ పిట్ట ఎన్నడును పోలేదు. పోయినది గ్రంథమునకును పల్లెకును నడుమ ఉండవలసిన మాటపలుకు. జెర్డన్ కాలమున దుబాసి మూలముగానైనను అది కొంత ఉండెను. తరువాతి శాస్త్రజ్ఞులు గ్రంథములనుండి గ్రంథములకు ప్రయాణము చేసిరి.

1988లో లంకమలేశ్వర అభయారణ్యము 464 చదరపు కిలోమీటర్ల మేర ఏర్పడినది. ఆ యేడే తపాలాశాఖవారు కలివికోడి బొమ్మతో బిళ్ళ వేసిరి. ఐతన్న వంటివాండ్రకు క్రొత్త వృత్తి యొకటి సిద్ధించినది. నిన్నటివఱకు ఉచ్చుతో పోయిన త్రోవనే ఇప్పుడు శాస్త్రజ్ఞులను, దూరదేశములనుండి ఒక్క చూపునకై వచ్చువారిని వెంటబెట్టుకొని పోవలెను. పిట్టను పట్టరాదు, చూపవలెను. ఉత్తరదేశమున భరత్‌పూరు కొలనుల యొద్ద రిక్షా త్రొక్కువారు కొంగల పేర్లు నేర్చి మార్గదర్శకులై బ్రదుకుచున్నారు. అక్కడి పని పగటిపని. నీటిమీద వేలకొలది పక్షులు కన్నులపండువుగా కనబడును. లంకమల క్రిందిపని అట్టిది కాదు. గంటలకొలది చీకటిలో నడచి, పాముకును త్రాటికిని భేదము తెలియనిచోట అడుగు వేసి, చివరకు ఏమియు చూడక మరలవచ్చుటయే మాటిమాటికిని జరుగును. కూలి మాత్రము ఇయ్యవలసినదే. మార్గదర్శి తన కాలమును అమ్మునుకాని పిట్టను అమ్మడు.

2000 సంవత్సరము తరువాత పి. జగన్నాథన్ మొదలగు పరిశోధకులు అక్కడ సంవత్సరములతరబడి నివసించి చేసిన పని నాకు మిక్కిలి ఇష్టమైనది. చూడవలెనను పంతమును వారు సగము విడిచిపెట్టినారు. పొదల నడుమ సన్నని మట్టిని జల్లించి పట్టెలుగా పరచి, ఉదయమున వచ్చి దానిమీది అడుగులను చదివినారు. కౌజు అడుగేది, తీతువు అడుగేది, కలివికోడి అడుగేది యని వేరుచేయుట నేర్చినారు. తానే మీట నొక్కుకొను కెమెరాలను నేలమీద అమర్చినారు. కూతను యంత్రమున పట్టి, సూర్యుడు క్రుంకిన ముప్పావుగంటకో, గంటకో అది మొదలై, కొన్ని నిమిషములు సాగి ఆగిపోవునని తెలిసికొన్నారు. అంతటితో ఊరుకొనక పొదలను లెక్కించినారు. రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు మూడువందలు మొదలు ఏడువందల వఱకు ఉన్నచోటనే ఆ పిట్ట ఎక్కువగా తిరుగునట! అంతకు మించి దట్టమైనను దానికి పనికిరాదు, అంతకంటె బోడియైనను పనికిరాదు.

ఈ లెక్కయందలి విశేషమును కొంచెము నిలిచి చూడవలెను. పొదలు దట్టము కాకుండ మేపునది మేకలు, గొఱ్ఱెలు, ఆవులు. కట్టెకొఱకు కొమ్మలు నరికి త్రోవలు చేయునది ఊరివారు. వారిని పూర్తిగా వెడలగొట్టి కంచె వేసినచో కొన్నియేండ్లకు పొద మూసికొనిపోయి పిట్టకు పరుగెత్తు చోటు చాలకపోవచ్చును. వారిని అదుపు లేక విడిచినచో పొదయే మిగులదు. ట్రాక్టరు వచ్చి పొదలను దున్ని నిమ్మతోట వేసినచో ఇక మాటయే లేదు. అనగా శాస్త్రజ్ఞులు కొలిచిన ఆ మూడువందలు, ఏడువందలు ఎన్నో తరముల మేకలును కొడవళ్ళును తమకు తెలియకయే కాపాడుకొని వచ్చిన కొలత. అడవిశాఖవారికి ఈ మాట రుచింపదు. వారి కష్టములు వారికి కలవు, ఎఱ్ఱచందనపు దొంగలతోనే వారికి తెల్లవారును. అయినను మేకలకాపరిని దొంగతో జమకట్టుట నాకు సమ్మతము కాదు.

2005 ప్రాంతమున తెలుగుగంగ కాలువ త్రవ్వు యంత్రములు ఈ నేలమీదికి వచ్చినవి. మద్రాసునగరమునకు త్రాగునీరును, త్రోవలో మన చేలకు సాగునీరును అందించు కాలువను చెడ్డదనుటకు నోరు రాదు. కాని త్రవ్వినచోటు పిట్ట మిగిలియున్న ఆ సన్నని అంచే యగుట దురదృష్టము. పరిశోధకులు మొరపెట్టగా, వ్యవహారము పైవారి దాకా పోయి, కాలువ దారి మార్చినారు. అయినను పిట్ట నిలువలేదు. ఆ దశాబ్దము ముగియు వేళకు కూత వినబడుటయు నిలిచిపోయినది. మరల సందేహములు, మరల శోధనలు. 2025 ఆగస్టులో కొందరు పక్షివీక్షకులు రాత్రివేళ ఆ కూతను తిరిగి విని యంత్రమున పట్టగలిగిరి. కంటికి కనబడినదని కాదు, వినబడినది.

నేను ఆ కొండపాదమునకు పోయినది పిట్టకొఱకనుట అతిశయోక్తి. బంధువుల యింటికి పోయి, పొద్దు గూకువేళ ఊరి వెలుపల నడచితిని. తోడుగా ఒక మేకలకాపరి వచ్చెను. వయసు అరువదికి పైబడియుండును. చేతనొక టార్చిలైటు, భుజమున గొంగడి. కలివిపొదల వఱకు వచ్చి నిలిచి, "ఇక్కడే సార్. పొద్దు గూకినాక గడియసేపే అది కూసేది. మనం మాట్లాడితే పలకదు" అనెను. శాస్త్రజ్ఞులు యంత్రములతో కొలిచిన నిమిషములు ఆ గడియలో ఇమిడియుండుట చూచి నాకు ముచ్చట వేసినది.

కూర్చుంటిమి. కొండమీది ఎఱుపు పోయి నలుపు దిగినది. ఎక్కడనో కుక్క మొఱిగినది. ఒక దిక్కున ఏదో కూయగా నేను ఉలికిపడి ఆయన మోచేయి తాకితిని. తల అడ్డముగా ఊపెను. కొంతసేపటికి వేరొక కూత. మరల తల ఊపెను. మూడవసారి నేనే అడుగుట మానితిని. ఆ చీకటిలో కూసినవన్నియు ఏవేవో ఆయనకు తెలియును. నాకు తెలిసినది అవి కలివికోడి కావని ఆయన చెప్పుట మాత్రమే.

మరలివచ్చునప్పుడు జెర్డన్ వ్రాసిన పాతపేరును చెప్పి, ఎన్నడైన వింటివా యని అడిగితిని. ఆయన నడక ఆపి, ఆ మాటను ఒకటి రెండుసార్లు తనలో తాను పలికికొనెను. మూడవమారు పలికినప్పుడు మాటవలె కాక కూతవలె పలికెను. మొదటి సగము ఎగయించి, రెండవ సగము దించి. తరువాత నవ్వి, "మా నాయన గానీ అనేవాడేమో సార్, నాకు కలివికోడే తెలుసు" అని, బ్యాటరీ అయిపోవునని టార్చిలైటు ఆర్పి ముందు నడచెను.